రైతు చేతి కాగితము
(బొంరాస్‌పేటలో చేసిన ఆచార్య రంగా స్మారకోపన్యాసము)



ఆచార్య గోగినేని రంగనాయకులుగారి స్మారకోపన్యాసమును బొంరాస్‌పేటలో చేయుమని మీరు కబురు పంపినప్పుడు నాకు సంతోషముతోపాటు ఒక సందేహమును కలిగినది. గుంటూరుసీమలోని నిడుబ్రోలులో 1900 నవంబరు 7న జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రమభ్యసించి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యత్వము నెరపి, 1930లో కేంద్రశాసనసభలో అడుగిడినది మొదలు తొంబదియేండ్ల ముదిమివరకును చట్టసభలలో రైతు పక్షమున గొంతెత్తి, 1995 జూన్ 9న పరమపదించిన ఆ మహనీయుడు కృష్ణాకాలువ నీళ్లు త్రాగి పెరిగినవాడు. మనమో, వానదేవుని దయమీద కంది, జొన్న పండించుకొను మెట్టవారము. ఆయన నడిపిన రైతుసంఘము మదరాసు రాజధానిలోని జిల్లాలది. ఆనాడు మన కొడంగల్ తాలూకా నిజాంరాజ్యమున గుల్బర్గా జిల్లాలో ఉండెను. అట్టి ఆయనను ఇచ్చట స్మరించుటలో ఔచిత్యమేమి?

ఆలోచింపగా, ఔచిత్యము లేకపోలేదు. 1964లో నెలకొన్న వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు 1996లో రంగాగారి పేరిడిరి. రాష్ట్రవిభజనానంతరము ఈవలి భాగమునకు ఆచార్య జయశంకర్‌గారి పేరు వచ్చినది. అనగా మన తాండూరు పరిశోధనాస్థానము కొన్నేండ్లు రంగాగారి పేరిటి విశ్వవిద్యాలయము నీడనే ఉన్నది. అయినను నేను ఆ బంధుత్వమును పట్టుకొని మాటలాడను. కోస్తాలో రైతుసంఘము పోరాడిన విషయమేదో, ఇచ్చట మన పెద్దలు మరియొక పేరుతో పోరాడిన విషయమదియే అని నా నమ్మకము. ఆ విషయము కాగితము. శిస్తు కట్టిన రసీదు, భూమి తనదనిపించు పట్టా, అప్పు తీరినదని చెప్పు చీటీ, కష్టము చెప్పుకొను అర్జీ: వీనిని రైతు చేతికి తెచ్చుటలోనే రైతుసంఘముయొక్క బలమంతయు నున్నదనియు, కాగితము లేనివానిని రైతుగా గుర్తింపకపోవుటలోనే దాని లోపమంతయు నున్నదనియు నేడు మీ ముందు మనవి చేయదలచితిని. రంగాగారు విమర్శకు వెఱచినవారు కారు. స్మారకసభ గనుక స్తోత్రము మాత్రమే చేసి దిగిపోయినచో ఆయనకు అది మర్యాదయు కాదు.

1

ఆంధ్రరాష్ట్ర రైతుసంఘము 1928లో ఏర్పడినది. రంగాగారును, బి. వి. రత్నముగారును దానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు. ఆ రోజులలో మదరాసు ప్రభుత్వము కృష్ణా గోదావరీ డెల్టాలలో భూమిశిస్తును తిరుగ నిర్ణయించి, రూపాయికి మూడణాల వంతున, అనగా నూటికి 18¾ చొప్పున పెంపదలచెను. పంటల ధరలు పెరిగినవి గనుక శిస్తు పెరుగవలెనని సర్కారువారి వాదము. దీనికి బదులు చెప్పుటకు ఆవేశము చాలదు. ఎకరమునకు విత్తనమెంత, ఎరువెంత, కూలి యెంత, ఎద్దులమేత యెంత, తుదకు మిగులునదెంత అని చూపు లెక్క కావలెను. ఆ లెక్క రంగాగారికి ముందే ఉండెను. డెల్టాగ్రామముల ఆర్థికవ్యవస్థను పరిశీలించి 1926 నాటికే ఆంగ్లమున గ్రంథము ప్రకటించినవారు గనుక, సెటిల్మెంటు అధికారి నివేదికకు ఎదురుగ రైతుయొక్క జమాఖర్చును నిలుపగలిగిరి. 1929 తరువాత ధరలు కుప్పకూలినవి. తుదకు ఆ పెంపును ప్రభుత్వము వదలుకొనవలసివచ్చెను. ధరలు పడిపోవుట సంఘము చేసిన పని కాదు, నిజమే. కాని పడిపోయిన ధరను లెక్కలోనికి ఎక్కించినది సంఘమే.

జమీందారీలలోని రైతుకు ఈపాటి వాదమునకును తావు లేకుండెను. 1908 నాటి ఎస్టేట్ల భూమిచట్టము అతనికి సాగుహక్కునిచ్చినదన్నమాటయే గాని, ఆ హక్కును ఠాణేదారు వద్దను, కరణము వద్దను నిలబెట్టుకొనుట అతని శక్తికి మించిన పని. వేంకటగిరి జమీందారీలో రైతులు తిరుగబడినప్పుడు వారు అడిగినవి చిత్రమైన కోరికలు కావు: అడవిలో పశువులమేపు, చెరువుల మరమ్మతు, కట్టినదానికి రసీదు. ఇంత చిన్నకోరికలకై మనుష్యులు జైలుకు పోయిరన్నచో, ఆనాటి రసీదు విలువ ఎట్టిదో మీరే ఊహించుకొనుడు.

1936 ఏప్రిలులో లక్నోలో అఖిలభారత కిసాన్‌సభ వెలసినప్పుడు, స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధానకార్యదర్శి అయిరి. ఆ పిదప ఆంధ్రరైతులు చేసిన ఒక యాత్రను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఉత్తరపు కొనయగు ఇచ్ఛాపురమున బయలుదేరి, తొమ్మిది జిల్లాలు దాటి, 130 దినములు, 1500 మైళ్లకు పైగా, రెండువేలమందికి మించిన రైతులు నడచి మదరాసు చేరిరి. పదునైదువందల మైళ్లనగా, మన బొంరాస్‌పేటనుండి కాశికి కాలినడకను పోయి తిరిగి వచ్చినంత. పుణ్యమునకై పోవువారికి దారిలో సత్రములుండును. వీరికి ఊరూర సభలు ఉండెను, ఆ సభలలో రైతులు వ్రాసియిచ్చిన అర్జీలుండెను. 1938 మార్చి 27న మదరాసు శాసనసభకు అందజేయునాటికి ఆ అర్జీలు 1100కు పైబడెను.

ఈ యాత్రను గూర్చి చెప్పువారు సాధారణముగ మైళ్లను లెక్కించి ఊరకుందురు. నా దృష్టి అర్జీల మూటమీద నిలుచును. ఒక్కొక్క అర్జీ వెనుక, ఊరి రచ్చపై కూర్చుండి, ఏ చెరువు తూము పాడైనది, ఏ పొలమునకు ఎంత మక్తా పెరిగినది, ఎవరి పశువులను బందెలదొడ్డికి తోలిరి అని ఒకడు చెప్పగా వేరొకడు వ్రాసియుండును. చెప్పినవానికి చదువు రాకపోవచ్చును. కాని తన కష్టము అక్షరములై మదరాసుకు నడచిపోవుచున్నదని అతనికి తెలియును. నిడుబ్రోలులో రంగాగారు రైతాంగ విద్యాలయమును నెలకొల్పి కార్యకర్తలకు ఆర్థికశాస్త్రము, చట్టము, ఉపన్యాసకళ నేర్పించుటలోని మర్మము ఇదియే. ఊరూర ఒక వ్రాయగలవాడు లేనిది సంఘము నిలువదని ఆయన ఎఱుగుదురు.

ఆనాడు రెవిన్యూమంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణసంఘము పనిచేసి, భూమికి స్వామి రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననియు 1938లో నివేదిక సమర్పించెను. మంత్రివర్గము మఱుసటి యేడు రాజీనామా ఇచ్చుటచే అది చట్టము కాలేదు. పదేండ్లు గడచి 1948లో ఎస్టేట్ల రద్దుచట్టము వచ్చెను.

2

ఇప్పుడు మన వైపునకు వత్తము.

మన జిల్లాకు పేరిచ్చిన వికారాబాదు, పాయిగా నవాబు వికారుల్ ఉమరా పేర వెలసిన ఊరు. ఊరి పేరులోనే ఆనాటి భూమివ్యవస్థ వ్రాసియున్నది. స్థూలముగ జెప్పవలెనన్న నిజాంరాజ్యమున నూటికి అరువదిపాళ్లు సర్కారు నేరుగ ఏలు దివానీ, పదిపాళ్లు నిజాం సొంత సర్ఫెఖాస్, తక్కిన ముప్పదిపాళ్లు జాగీర్లు, పాయిగాలు, సంస్థానములు, మక్తాలు. దివానీ రైతుకు పట్టా యన్నదొకటి ఉండెను; జాగీరు రైతుకు జాగీరుదారు మాటయే చట్టము. ఇద్దరికిని కచేరిభాష ఉర్దూ. కొడంగల్ పరిసరములలో ఇంట తెలుగు, సంతలో కన్నడము, తండాలో లంబాడీ మాటలాడు మనుష్యునికి, తన పొలమును గూర్చిన కాగితము ఏ భాషలో నున్నదో ఆ భాష రాదు. పట్వారీ చదివి చెప్పినదే వేదము. మాలీపటేలు వసూలు చేసినదే శిస్తు.

ఇట్టిచోట సంఘము మొదట చేయవలసిన పని అచ్చువేయుట. 1921 నవంబరులో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి కార్యదర్శిత్వమున, వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల యిక్కట్లను గూర్చియు చిన్నపొత్తములను తెలుగున ప్రకటించెను. సర్కారువారి ఉత్తరువులలో రైతుకు మేలుచేయు మాట ఒకటి ఉన్నదని రైతుకు తెలియుటయే ఆనాడు గొప్పసంగతి. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926నుండి ఆ పనినే వారమువారమును చేసినది. 1930లో జోగిపేటయందు ఆయన అధ్యక్షతననే తొలి ఆంధ్రమహాసభ జరిగెను. 1936 నాటి షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డిగారు అధ్యక్షులు. ఆయన పేరనే 1978లో జిల్లా యేర్పడినది, వికారాబాదు తాండూరులవారు 2016 వరకు ఆ జిల్లావారే. అక్కడ రంగా, ఇక్కడ రంగారెడ్డి. ఒకరు శిస్తు లెక్క అడుగువారు, ఒకరు పేరుపొందిన వకీలు. పిల్లలు పరీక్షలలో ఇద్దరిని కలిపివేయకుందురు గాక!

1941లో చిలుకూరు మహాసభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైనది మొదలు సభయొక్క మాట మారినది. చిలుకూరనగానే మీకు బాలాజీ గుడి తోచును. అది కాదు, ఆనాటి నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ వైపు చిలుకూరు. అంతవరకు గ్రంథాలయములను, పాఠశాలలను కోరిన సభ, అప్పటినుండి వెట్టి, లెవీ, బేదఖలు (రైతును భూమినుండి వెళ్లగొట్టుట) అను మూడింటిని పట్టుకొన్నది. యుద్ధకాలపు లెవీ ధాన్యము కొలతలో దొరగారి గాదె తప్పించుకొనెడిది, పేదరైతు గాదె తేలిపోయెడిది. పల్లెవారు మహాసభ యను పెద్దపేరును విడిచి 'సంగం' అనుట మొదలిడిరి. 1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాతి పోరాటపు కథ మీలో చాలమందికి తెలిసినదే గనుక దానిని విస్తరింపను.

ఆ కథలో ఒక్క సంగతినే చూపెదను. కోస్తాసంఘము అర్జీలను మోసికొనిపోయినది. ఇచ్చటి సంఘము దొరల ఇండ్లలోని అప్పుపత్రములను బయటికీడ్చి తగులబెట్టినది. పైకి చూచిన రెండును విరుద్ధములు. ఒకరు కాగితమును నమ్మిరి, ఒకరు కాల్చిరి. కాని అర్జీ ఎవరిచేతికి పోయినను చదువుదురను ఆశ మదరాసులో ఉండెను. అచ్చట ఎన్నికైన శాసనసభ యొకటి ఉండెను. ఇచ్చట అర్జీ తిరిగి ఆ పటేలు చేతికే వచ్చును. తనకు చదువరాని, తనకు నకలు దొరకని, తనపై మాత్రమే పనిచేయు కాగితమును రైతు కాల్చినాడన్న, అతడు కాగితమునకు విరోధి యని చెప్పుట అన్యాయము.

మన తాలూకా సంగతి యింకను వేరు. గుల్బర్గా జిల్లాలోనిది గనుక తెలంగాణపు ఎనిమిది జిల్లాల లెక్కలో అది చేరదు. భాషనుబట్టి ఇటు, జిల్లానుబట్టి అటు. 1956 నవంబరు 1న గాని కొడంగల్ మహబూబ్‌నగరునకు, తాండూరు హైదరాబాదు జిల్లాకు రాలేదు. పోరాటపు పటములో మనది మడతపడిన చోటు.

3

ఆ తరువాత వచ్చిన కాగితములే మనము నేటికిని వాడుకొనుచున్నవి. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీచట్టము వచ్చి, రక్షితకౌలుదారు అను కొత్తమనుష్యుని చట్టములో నిలిపెను. 1954-55లో ఖాస్రా పహాణీ, అనగా పొలమువారీ భూమిలెక్క, వ్రాయబడెను. నేడు ఏ మండల కచేరికైనను పొండు: వరండాలో కూర్చున్న రైతు తన సంచిలోనుండి ప్లాస్టిక్కు కవరు తీయును, కవరులోనుండి నాలుగుమడతల జిరాక్సు తీయును, మడతలు చిరిగినచోట అంటించియుండును. అది డెబ్బదియేండ్ల క్రిందటి ఖాస్రా పహాణీ నకలు. తాత పేరు అందులో నున్నది. రాజులు మారిరి, జిల్లాలు మారినవి, 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ పోయినది, కాని ఆ పుట మాత్రము సాక్ష్యమునకు నిలుచుచున్నది.

కోస్తాలో రైతుసంఘము అప్పటికే చీలియుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కమ్యూనిస్టులదొకదారి, రంగాగారిదొకదారి అయినది. 1959లో నాగపురమున కాంగ్రెసు సహకారవ్యవసాయ తీర్మానము చేయగా, రైతు భూమి రైతు చేయిదాటునన్న భయముతో ఆయన రాజాజీతో కలిసి స్వతంత్రపార్టీని స్థాపించి తొలి అధ్యక్షులైరి. కాలక్రమమున మరల కాంగ్రెసులోనికి వచ్చిరి. పార్టీలు మార్చినారని ఆక్షేపించువారున్నారు. పట్టాను వదలకూడదను విషయమున మాత్రము ఆయన మారలేదు. ఆ పట్టుదలలో ఆయన గొప్పయు నున్నది, హద్దును ఉన్నది.

4

సంఘములు చీలినను కాగితపు తగవు ఆగలేదు. పొలమునుండి మార్కెట్టునకు మారినది. చిత్రమేమనగా, మార్కెట్ల చట్టము మదరాసుకంటె నిజాంరాజ్యముననే ముందు వచ్చినది: ఇచ్చట 1339 ఫసలీలో, అనగా 1930 ప్రాంతమున, అచ్చట 1933లో. నిజాంను మెచ్చుకొనుటకు అవకాశము అరుదు గనుక దీనిని విడువరాదు.

తాండూరు యార్డులో పుష్యమాఘములందు కందిరాశి పోసిన రైతును చూడుడు. వ్యాపారి పిడికెడు గింజలు తీసి అరచేత పొర్లించును, ఒకటి కొరికి చూచును, తేమ యని, పుల్ల యని, పుచ్చు యని ఒక మాట అనును. దడ్వాయి తూచును, హమాలీ సంచి కుట్టును. చివరకు రైతుచేతికి వచ్చునది తక్‌పట్టీ. బరువు, ధర, హమాలీ, తరుగు అన్నియు దానిమీద నుండవలెను. అన్నియు నుండనిచో, తరువాత కొట్లాడుటకు ఆధారమే లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన నల్లనేలలోని పప్పుకు లోకమున పేరు వచ్చినది, సంతోషము. కేంద్రము కందికి ప్రకటించిన మద్దతుధర 2023-24లో క్వింటాలుకు 7000 రూపాయలు, 2024-25లో 7550, 2025-26లో 8000. ఈ అంకెలను గోడమీద వ్రాయుట సులభము. తక్‌పట్టీమీద వ్రాయించుటకే సంఘము కావలెను.

5

ఇప్పుడు లోపమును గూర్చి చెప్పవలెను. ముందు వరుసలోని పట్టాదారులు కొంచెము ఓర్చుకొనవలెను.

రైతుసంఘము కాగితముకొఱకు పోరాడినది గనుక, కాగితము సంపాదించినవానిని రైతు అనుకొనుట దానికి అలవాటయినది. డెల్టాలో శిస్తుపెంపునకు ఎదురుతిరిగిన భూస్వామిరైతు, తన కౌలుదారునకు రసీదు ఇచ్చెనా? కూలివానికి లెక్క చూపెనా? రంగాగారు కూలీల సభలను కూడ కూర్చిరి, వారికై వ్రాసిరి, దానిని మరువరాదు. కాని రైతు, కూలి ఒక్కయింటివారే యని ఆయన చెప్పినంతమాత్రమున ఇంటిలోని పెత్తనము మాసిపోలేదు. ఇచ్చటను అంతే. రక్షితకౌలుదారు అని చట్టము గుర్తించినవారిలో ఎందరో, సర్టిఫికెట్టు చేతికి రాకమునుపే భూమినుండి తొలగింపబడిరి.

సంఘమే లేనిచోటి కొఱత మరియొకటి. మన పొరుగున దుద్యాల మండలము లగచర్లలో ఏమి జరిగినదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఔషధపరిశ్రమలకై భూమి తీసికొనదలచి, 2024 నవంబరు 11న అభిప్రాయసేకరణ పెట్టగా, అది ఘర్షణగా ముగిసి, కేసులు, జైళ్లు వచ్చినవి; ఆ నెలాఖరులోపలనే సర్కారు ఆ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. ఎవరిది తప్పు అన్న విచారణకు ఇది వేదిక కాదు. అచ్చట వినవలసినవారికి, చెప్పవలసినవారికి నడుమ ఇరువురును నమ్మదగిన సంఘమొకటి లేకపోయెనన్నదే నాకు తోచిన కొఱత. 1938లో రెండువేలమంది మోసిన అర్జీలు శాసనసభ ద్వారము వఱకు క్షేమముగ చేరినవనుట ఇందుచేతనే చిన్నసంగతి కాదు.

మరల కౌలుదారు సంగతికి వత్తము. 2018లో రైతుబంధు వచ్చినది. పంటకు ఎకరమునకు 4000 రూపాయలు మొదలుగా పట్టాదారు ఖాతాలో పడినవి. నగరమున కాపురమున్న పట్టాదారునకు పడినవి, ఇచ్చట దుక్కిదున్నిన కౌలుదారునకు పడలేదు. పాతపహాణీని చూచినవారికి తెలియును: అందు పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. భూమి ఎవరిది అను ప్రశ్నకు ఒక గడి, ఎవరు సాగుచేయుచున్నారు అను ప్రశ్నకు ఒక గడి. ధరణి యను ఆన్‌లైను భూరికార్డు వచ్చినప్పుడు ఆ రెండవ గడి పోయినది. గడి పోయిన తరువాత అందులోని మనుష్యుడు ఎరువుల దుకాణములో అప్పువాడు, బ్యాంకులో అపరిచితుడు, వడగండ్లు పడిననాడు పరిహారపు పట్టికలో లేనివాడు. 2025లో ధరణికి బదులు భూభారతి రాగా, సర్కారువారు ఊరూర రెవిన్యూ సదస్సులు పెట్టి, లక్షలాది దరఖాస్తులు పుచ్చుకొన్నారు. కచేరియే ఊరికి వచ్చి అర్జీ అడిగిన కాలమున సంఘమునకు పని లేదని కొందరనుకొనుచున్నారు. ఆ దరఖాస్తులకు ఏ నంబరు పడినది, ఏది తిరస్కరింపబడినది, ఎందుకని వ్రాసిరి అని ఊరివారీగా చూచువారెవరు?

మీ సంఘమునకు ఒక పని చెప్పి దిగిపోయెదను. ఏరువాక తరువాత, విత్తనములు పడిన పదిదినములలో, ప్రతి ఊరిలో సంఘమే ఒక పుస్తకము పెట్టి, సర్వేనంబరు వారీగా ఈ యేడు ఎవరు దున్నినారో, ఎంత కౌలుకు, నోటిమాటనా వ్రాతనా, ఇద్దరు పొరుగుపొలముల రైతుల సంతకములతో వ్రాసుకొనవలెను. పట్టాదారులు భయపడుదురు, నాకు తెలియును. కౌలు వ్రాసినచో భూమి పోవునన్న భయము 1950నుండియు ఉన్నది. అందుచేత ఆ పుస్తకపు మొదటిపుటలోనే, ఇది హక్కుకు సాక్ష్యము కాదు, సాగుకు మాత్రమే సాక్ష్యమని వ్రాసి, పట్టాదారుచేతను సంతకము చేయించుడు. మొదటియేడు పదిమంది ఒప్పుకొందురేమో. ఆ పదిమందితోనే మొదలుపెట్టుడు. వానకారు ఎంతో దూరములో లేదు.